దుంప కూరగాయల పంటలకు విత్తే వేళ పురుగుల నుంచి రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

చిలగడదుంప, బంగాళాదుంప, కర్రపెండలం, కంద, ముల్లంగి, క్యారెట్ వంటి పంటలు వేసే రైతులూ, మిద్దెతోటల వారూ నాటడానికి ముందు సాధారణంగా అడిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. తెలంగాణలో కందగడ్డ అనీ రాయలసీమలో గెనుసుగడ్డ అనీ పిలిచే పంటను ఈ పేజీ అంతటా చిలగడదుంప అనే రాశాము. కంద అన్నచోట పులుసుకూ వేపుడుకూ వాడే పెద్ద దుంప అని గ్రహించగలరు.

పురుగు ఇంకా కనిపించనే లేదు. నాటే రోజునే ఇంత జాగ్రత్త ఎందుకు?

ఆకు తినే పురుగు రెండు మూడు రోజుల్లో కంటబడుతుంది, అప్పుడు మందు కొట్టినా కొంతవరకు ఫలితం ఉంటుంది. దుంపను తొలిచే పురుగు అలా కాదు. అది మట్టి కిందో దుంప లోపలో ఉంటుంది కాబట్టి పైన పిచికారీ చేసిన మందు దానిని తాకదు, తీగ వాడి మనకు అనుమానం వచ్చేసరికి దుంప సగం పాడై ఉంటుంది. ఈ పురుగులలో ఎక్కువ భాగం రెండు దారులలోనే పొలంలోకి వస్తాయి: నాటే తీగ, కర్ర, దుంప వెంట వచ్చేవి కొన్ని, ముందు నుంచే నేలలో ఉన్నవి కొన్ని. ఈ రెండు దారులూ మన చేతిలో ఉండేది నాటే రోజు వరకే. అందుకే మేము మందుల పట్టికకన్నా విత్తన ఎంపికకూ నేల తయారీకీ ఎక్కువ చోటు ఇచ్చాము.

చిలగడదుంపలో ముక్కు పురుగు ఎక్కడి నుంచి వస్తుంది?

చాలా పొలాలలో రైతు స్వయంగా తెచ్చి నాటిన తీగలోనే వస్తుంది. తల్లి పురుగు చూడటానికి పెద్ద చీమలా ఉంటుంది. పొడవు దాదాపు 6 మిల్లీమీటర్లు, తలా రెక్కలూ నీలి నలుపు, నడుమూ కాళ్లూ ఇటుక ఎరుపు. ఇది తీగ మొదట్లోగానీ నేల పైకి తేలిన దుంపమీదగానీ చిన్న గుంట కొరికి, అందులో ఒక్కొక్క గుడ్డు పెట్టి, తన విసర్జనతోనే ఆ గుంటను మూసివేస్తుంది. లోపల పుట్టిన కాళ్లు లేని తెల్లటి పిల్లపురుగు తొలుచుకుంటూ పెరుగుతుంది. మన వాతావరణంలో గుడ్డు నుంచి తల్లి పురుగు వరకు సుమారు నెల రోజులు పడుతుంది కనుక, నాలుగు నెలల పంటలో ఒక తరం మీద మరొక తరం చేరుతూనే ఉంటుంది. పురుగు తొలిచినప్పుడు దుంప తనలో ఒక చేదు పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. దాని వల్ల కొద్దిగా తొలిచిన దుంప కూడా వాసన వేసి, చేదెక్కి, మనిషి తినడానికే కాదు, పశువుల మేతకు కూడా పనికిరాకుండా పోతుంది.

పక్క పొలంలోని పాత తోట రెండవ మూలం. గట్లమీదా కాలువ ఒడ్డునా పెరిగే తూటికాడ చిలగడదుంప జాతికే చెందిన మొక్క కాబట్టి, పొలంలో పంట లేని నెలల్లో ఈ పురుగు అటువంటి మొక్కలమీద తలదాచుకోగలదు. నాటడానికి ముందే గట్లు శుభ్రం చేసుకోవాలని చెప్పేది ఇందుకే.

నాటే తీగను ఎలా ఎంచుకోవాలి?

తీగ కొన భాగమే తీసుకోవాలి. తల్లి పురుగు గుడ్లు పెట్టేది ఎక్కువగా ముదిరిన మొదలు భాగంలో. లేత కొనలో పురుగు ఉండే అవకాశం చాలా తక్కువ. 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, కనీసం మూడు నాలుగు కణుపులు ఉంటే చాలు. దుంపలు తవ్విన తోటలో మిగిలిన తీగనే కోసి అదే వారం పక్క మడిలో నాటడం మన దగ్గర మామూలే. ఖర్చు లేని పని అయినా, పురుగును చేతులారా కొత్త పొలానికి మోసుకెళ్లడం అవుతుంది. నాటడానికి రెండు మూడు నెలల ముందు మంచి దుంపలను ఎంచి చిన్న నారుమడిలో పెట్టి, అక్కడ వచ్చిన తీగలను వాడటం మేలు.

అనుమానం ఉంటే ఒక పరీక్ష చేయవచ్చు. కట్టలో నుంచి పది పదిహేను తీగలు తీసి, మొదలు వైపు చాకుతో నిలువుగా చీల్చి చూడండి. ఆరోగ్యమైన తీగ లోపల పాలు కారుతూ తెల్లగా ఉంటుంది. పురుగు ఉన్న తీగలో గోధుమరంగు సన్నటి సొరంగం, దానిలో పొడిలాంటి విసర్జన, ఒక్కోసారి బియ్యపు గింజకన్నా చిన్నదైన పిల్లపురుగు కనిపిస్తాయి. రెండు మూడు తీగల్లో కనిపించినా ఆ కట్ట మొత్తాన్ని పక్కన పెట్టడమే ఉత్తమం.

తీగలను మందులో ముంచి నాటాలా?

పురుగు ఉధృతి ఏటా ఉండే ప్రాంతంలో ముంచడం ఉపయోగమే. కొత్తగా సాగు మొదలుపెట్టిన చోట, నమ్మకమైన నారుమడి తీగ వాడినప్పుడు అవసరం ఉండదు. తీగలను పది నిమిషాలు మందు ద్రావణంలో ఉంచి, నీడలో ఆరబెట్టి నాటే పద్ధతిని తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ చాలాకాలంగా సూచిస్తున్నది. అయితే ఇందుకోసం పాత పుస్తకాలలో, ఇప్పటికీ కొన్ని వీడియోలలో చెప్పే మందుల పేర్లను యథాతథంగా తీసుకోరాదు. ఫెంథియాన్‌ను 2018లో నిషేధించారు, ఫెనిట్రోథియాన్‌కు వ్యవసాయంలో మిడతల అదుపు కోసం తప్ప అనుమతి లేదు, మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడటం ఎప్పుడో ఆపివేయగా 2023 ఉత్తర్వుతో దాని 36 శాతం ద్రావణాన్ని పూర్తిగా తొలగించారు. ప్రస్తుతం ఏ మందుకు అనుమతి ఉన్నదో డబ్బా మీది లేబుల్ చూసి, ఉద్యాన అధికారిని అడిగి నిర్ణయించుకోవాలి. ముంచే పని చేతి తొడుగులతోనే చేయాలి. మిగిలిన ద్రావణాన్ని కాలువలోగానీ చెరువులోగానీ పోయకూడదు.

నాటే తీరులో ఏమైనా మార్పు అవసరమా?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, కానీ ముక్కు పురుగు విషయంలో దీని విలువ మందుకన్నా ఎక్కువ. ఈ పురుగుకు నేలను తవ్వే శక్తి లేదు. మట్టి నెర్రెలు విచ్చినప్పుడు ఆ పగుళ్ల గుండా దుంపను చేరుతుంది. కాబట్టి ఎత్తైన బోదెల మీద, తీగ కణుపులు బాగా లోపలికి పోయేలా నాటి, దుంప ఊరే దశలో నేల పగలకుండా తడులు ఇస్తూ, నెల రోజులకు ఒకసారి, రెండు నెలలు దాటాక మరొకసారి బోదెకు మట్టి ఎగదోస్తే పురుగుకు దారి మూసుకుపోతుంది. నల్లరేగడిలో పగుళ్లు ఎక్కువ. అక్కడ ఈ పని తప్పనిసరి. వరి కోసిన మడిలో వేసిన చిలగడదుంపకు బెడద తక్కువగా ఉంటుంది, ఎందుకంటే నెలల తరబడి నీరు నిలిచిన నేలలో పాత పంట పురుగులు బతకవు. మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలను నాటిన నాటి నుంచే పెడితే, పక్క తోటల నుంచి పురుగు ఎప్పుడు వస్తున్నదో ముందుగా తెలుస్తుంది.

నేలలో వేరు పురుగు ఉన్నదో లేదో విత్తక ముందే తెలుసుకోవడం ఎలా?

పొలంలో ఐదారు చోట్ల అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి, ఆ మట్టిని గోనె పట్టా మీద పరచి చేత్తో చిదుపుతూ చూడాలి. కొడవలిలా వంగిన తెల్లటి శరీరం, గోధుమరంగు తల, మూడు జతల కాళ్లు ఉన్నది వేరు పురుగు. చదరపు మీటరుకు ఒకటి చొప్పున కనిపించినా తేలికగా తీసుకోరాదు. గత పంటగా వేరుశనగో చెరకో ఉన్న తేలిక నేలల్లో మరింత శ్రద్ధగా వెతకాలి.

ఈ పురుగుకు ఏడాదికి ఒక్కటే తరం. తొలకరి వానలు పడిన సాయంత్రాలలో తల్లి పెంకు పురుగులు నేలలో నుంచి లేచి వేప, రేగు, తుమ్మ చెట్ల ఆకులు తిని, తెల్లవారేలోగా తిరిగి మట్టిలోకి వెళ్లి గుడ్లు పెడతాయి. ఆ కొద్ది రాత్రులలో కొమ్మలు దులిపి, రాలిన పురుగులను కిరోసిన్ కలిపిన నీటిలో వేయడం, దీపపు ఎరలు పెట్టడం ఊరంతా కలిసి చేస్తే నేలలో పురుగు నిజంగా తగ్గుతుంది; ఒక్క రైతు చేస్తే పెద్దగా తగ్గదు. వేసవి దుక్కులు లోతుగా దున్నితే బయటపడిన పురుగులను కొంగలు, కాకులు, గోరువంకలు ఏరుకుంటాయి. ఖరీఫ్‌లో వేసే కర్రపెండలం, చిలగడదుంపలకు ఈ పురుగు లేత దశలో ఎదురవుతుంది. అక్టోబరులో వేసే బంగాళాదుంపకు అప్పటికే బాగా ఎదిగిన పురుగులు నేలలో ఉంటాయి కనుక, ఆ పంటకు విత్తే ముందు గుంట తీసి చూడటం మరింత ముఖ్యం.

పశువుల ఎరువు వల్లే పురుగు వస్తుందని అంటారు. నిజమేనా?

చివకని ఎరువు వల్ల వస్తుంది, చివికిన ఎరువు వల్ల రాదు. సగం కుళ్లిన పేడ గుడ్లు పెట్టే పెంకు పురుగులను ఆకర్షిస్తుంది, చెదలకూ ఆహారమవుతుంది. పేడకుప్పలో కనిపించే బొటనవేలంత లావు తెల్ల పురుగులన్నీ పంట వేళ్లను తినేవి కావు. చాలావరకు కుళ్లిన పదార్థం తిని బతికేవే, వాటిలో కొమ్ము పురుగు పిల్లలు పెరిగి పెంకు పురుగులయ్యాక కొబ్బరికి శత్రువులు. ఏదైనా సరే, ఎరువును తోలే ముందు కుప్పను తిరగవేసి పురుగులను ఏరివేయడం మంచి అలవాటు.

వేపపిండి, మెటారైజియం, ట్రైకోడెర్మా: ఈ మూడింటిలో ఏది వాడాలి?

వీటి పనులు వేరు. ట్రైకోడెర్మా కుళ్లు తెగుళ్లను ఆపే శిలీంద్రం. పురుగుల మందు కాదు. దుకాణంలో పురుగుకు మందు అడిగితే దీనిని చేతిలో పెట్టే సందర్భాలు ఉన్నాయి, గమనించాలి. మెటారైజియం అనేది పురుగులకు జబ్బు కలిగించే శిలీంద్రం. ఎకరాకు రెండు కిలోల పొడిని బాగా చివికిన, తడి ఉన్న పశువుల ఎరువులో కలిపి, నీడలో గోనె సంచులు కప్పి వారం పది రోజులు మాగబెట్టి, ఆఖరి దుక్కిలో సాయంత్రం వేళ వేసి వెంటనే మట్టిలో కలపాలి. ఎండ తగిలినా, నేల ఎండిపోయినా అది పనిచేయదు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడకుండా కొనకూడదు. వేరు పురుగును చంపి మేలు చేసే నులిపురుగులను (నేలలో ఉండే, కంటికి కనిపించనంత సన్నటి పురుగులను) కూడా బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ పొడి రూపంలో తయారుచేసింది.

వేపపిండిని ఎకరాకు 200 కిలోల వరకు దుక్కిలో వేస్తే చెదలు, వేళ్లను పాడుచేసే నులిపురుగులు కొంత తగ్గుతాయి, ఎరువుగా కూడా అక్కరకు వస్తుంది. నూనె పూర్తిగా పిండేసిన పిండికి ఆ గుణం తక్కువ. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటైన చేదు వాసన రాని పిండికి డబ్బు పెట్టనవసరం లేదు.

బంగాళాదుంప విత్తనాన్ని కొనేటప్పుడు ఏమి చూడాలి?

కళ్లను చూడాలి. దుంప తొలుచు పురుగు రెక్కల పురుగు దుంప కళ్ల దగ్గరే గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలికి దూరిన చోట నల్లటి విసర్జన గుళ్లు కళ్ల చుట్టూ అంటుకొని ఉంటాయి. ఈ పురుగు మన దేశానికి వచ్చిందే విత్తన దుంపల వెంట. 1906లో ఇటలీ నుంచి తెచ్చిన విత్తనంతో బొంబాయి ప్రాంతంలో అడుగుపెట్టింది. శీతల గిడ్డంగిలో దీని పెరుగుదల ఆగిపోతుంది కనుక అక్కడి నుంచి నేరుగా వచ్చిన విత్తనానికి భయం తక్కువ, మామూలు షెడ్డులో వేసవి అంతా ఉంచిన దుంపలకు ఎక్కువ. జహీరాబాద్ వైపు, చిత్తూరు జిల్లా పడమటి మండలాల వైపు రైతులు విత్తనం దిగగానే బస్తా అడుగు నుంచి కొన్ని దుంపలు తీసి చూడటం అలవాటు చేసుకోవాలి. పైన ఉన్నవి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

విత్తే లోతు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పైపైన నాటితే ఊరిన దుంపలు బయటికి తేలి, పచ్చబడి, గుడ్లు పెట్టడానికి అనువుగా మారతాయి. విత్తనాన్ని కొన్ని రోజులు ఇంట్లో ఉంచవలసి వస్తే కుప్ప పైన తరిగిన లాంటానా ఆకును రెండున్నర సెంటీమీటర్ల మందాన పరిస్తే ఈ పురుగు దగ్గరికి రావడం తగ్గుతుంది.

కర్రపెండలం కర్రల మీద తెల్లటి పిండి కనిపిస్తున్నది. నాటవచ్చా?

నాటకూడదు. అది పిండినల్లి. దక్షిణ అమెరికా నుంచి ఆఫ్రికాకూ తరువాత థాయిలాండ్‌కూ పాకిన కర్రపెండలం పిండినల్లి 2020లో కేరళలోని త్రిస్సూరు దగ్గర బయటపడింది, తరువాత తమిళనాడు తోటలను బాగా దెబ్బతీసింది. మగ పురుగుతో పనిలేకుండా ఆడ పురుగే సంతానాన్ని కంటుంది కనుక ఒక్క కర్ర మీద ఒక్క పురుగు మిగిలినా తోటంతా పాకడానికి చాలు. పెద్దాపురం చుట్టుపక్కల మెట్ట రైతులు సేలం వైపు నుంచి కర్రలు తెప్పించుకునేటప్పుడు, లారీ దిగిన చోటే కణుపు కణుపు చూసి తీసుకోవాలి.

సొంత కర్రలైతే, మంచి మొక్కల కర్రలను నీడలో నిలువుగా నిలబెట్టి, నాటే రోజున మధ్య భాగం నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కలు కోయాలి. ముక్కలను అనుమతి ఉన్న మందు ద్రావణంలో ముంచి నాటడం, తరువాత తోటంతా మందు కొట్టడంకన్నా మంచిది. ఎందుకంటే ఈ పిండినల్లి లోపల గుడ్డు పెట్టి చంపే ఒక సన్నటి కందిరీగను పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి తెప్పించి, 2022లో తమిళనాడులో విడుదల చేశారు. 1981 నుంచి ఆఫ్రికాలో కర్రపెండలాన్ని నిలబెట్టినది ఈ కందిరీగే. ఆ పనికి హాన్స్ హెర్రెన్ అనే శాస్త్రవేత్తకు 1995లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. విచక్షణ లేకుండా పిచికారీ చేస్తే ముందు చచ్చేది ఆ కందిరీగలే.

కంద, చేమ, పెండలం దుంపలకు ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

నిల్వలోనే వీటికి పిండినల్లి, పొలుసు పురుగు పడతాయి. దుంపలను గుట్టగా పోయకుండా గాలి తగిలేలా ఒక వరుసలో పరచి, నాటే ముందు బ్రష్షుతో రుద్ది శుభ్రం చేసి, బాగా పట్టినవాటిని ఏరివేయాలి. కొవ్వూరు నుంచి వచ్చిన గజేంద్ర రకం కందను ముక్కలు కోసి పేడనీళ్లలో ముంచి ఆరబెట్టడం మంచిదే, కాని అది కోసిన చోటు కుళ్లకుండా కాపాడటానికి. పురుగును చంపడానికి కాదు.

ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ గింజలకు ఏ మందు పట్టించాలి?

చాలా సందర్భాలలో ఏదీ అక్కరలేదు. కంపెనీ ప్యాకెట్‌లోని గింజ రంగు పూసి ఉంటే అప్పటికే శుద్ధి చేసినదని అర్థం, దానిపై మళ్లీ మందు పట్టించకూడదు. ముల్లంగిని మొలక దశలో ఇబ్బంది పెట్టేవి ఆకులకు సన్నటి చిల్లులు పెట్టే గెంతుడు పెంకు పురుగు, ఆవాలపైనా కనిపించే నల్లటి రంపపు ఈగ పిల్లపురుగు. ముట్టుకోగానే చుట్టుకొని కింద పడిపోయే ఆ నల్ల పురుగును ఉదయం పూట చేత్తో ఏరవచ్చు. రాత్రిపూట మొలకను నేల మట్టంలో కొరికేసే పురుగు కలుపులో గుడ్లు పెడుతుంది కాబట్టి, విత్తడానికి రెండు మూడు వారాల ముందే కలుపు తీసి దున్నాలి.

విదేశీ వీడియోలు చూసి క్యారెట్ ఈగ కోసం వలలు కొంటున్నవారు ఉన్నారు. అది చల్లని దేశాల పురుగు, మన మైదానాలలో దాని గురించి బెంగ అవసరం లేదు. క్యారెట్ కాళ్లలా చీలి వస్తే కూడా పురుగుమందు కోసం పరుగెత్తకండి. రాళ్లు, పచ్చి ఎరువు, గట్టి నేల, నులిపురుగు కారణం కావచ్చు. వేళ్ల మీద బుడిపెలు ఉంటే అది నులిపురుగు.

విత్తే సాళ్లలో గుళికలు వేయవచ్చా?

ఒకప్పుడు ప్రతి దుంప పంటకూ ఫోరేట్ గుళికలు వేయడం పరిపాటి. ఫోరేట్ 2020 డిసెంబరు 31 తరువాత దేశంలో నిషిద్ధం. ఇంట్లో పాత బస్తా మిగిలి ఉన్నా వాడకూడదు. ఇతర గుళికల విషయంలో మా అభిప్రాయం ఇది: మందు వేసిన మట్టిలో పెరిగే భాగాన్నే మనం తింటున్నాము, ముల్లంగిని 30 నుంచి 45 రోజులలో పీకేస్తాము, ఆ వ్యవధిలో మొక్క పీల్చుకొనే మందు పూర్తిగా విరిగిపోతుందని నమ్మడానికి లేదు. లేబుల్ మీద ఆ పంట పేరు లేని గుళికలను తక్కువ రోజుల దుంప కూరగాయలకు వాడనేకూడదు.

బీజామృతం పట్టిస్తే సరిపోతుందా?

బీజామృతం అంటే ఆవు పేడ, మూత్రం, సున్నం వంటివి కలిపి విత్తనానికి పట్టించే ద్రావణం. గింజ మీది, దుంప పైపొర మీది సూక్ష్మజీవుల విషయంలో ప్రకృతి వ్యవసాయం చేసేవారు దీనిని వాడుతున్నారు. తీగ లోపల సొరంగంలో ఉన్న పిల్లపురుగును మాత్రం అది చేరలేదు. బీజామృతం పట్టించేవారు కూడా తీగ కొన ఎంపికను, కట్ట చీల్చి చూడటాన్ని మానకూడదు.

శిలీంద్రపు మందు, పురుగుమందు, జీవ ఎరువు మూడూ పట్టించాలంటే ఏది ముందు?

మొదట శిలీంద్రపు మందు, ఆరిన తరువాత పురుగుమందు, విత్తే ముందు చివరగా జీవ సంబంధమైనవి. ట్రైకోడెర్మా, మెటారైజియం కూడా శిలీంద్రాలే కనుక వాటిని వాడదలచినప్పుడు రసాయన శిలీంద్రపు మందును వదిలివేయాలి. డబ్బా మీది త్రికోణం ఎర్రగా ఉంటే అది అత్యంత విషపూరితం. అటువంటిది చేతితో చేసే విత్తన శుద్ధికి తగదు.

మిద్దెతోటలో కుండీలకు ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తించేవి రెండే. పాత కుండీ మట్టిని గచ్చు మీద పరచి ఒకటి రెండు రోజులు ఎండకు పెట్టి పురుగులను ఏరి, ఆ తరువాత గుప్పెడు వేపపిండి కలిపి వాడండి. మార్కెట్లో కొన్న చిలగడదుంపను మొలకెత్తించేటప్పుడు చిల్లులు ఉన్నదానిని పెట్టకండి. కుండీలో రసాయన గుళికల అవసరం ఏమీ లేదు.

పంట తవ్వేశాక పొలంలో మిగిలిన చిన్న దుంపలను వదిలేస్తే నష్టమా?

వచ్చే పంట విత్తే సమయానికి పురుగును మేపి సిద్ధంగా ఉంచేది అవే. తొలిచిన దుంపలను, తీగ మొదళ్లను ఏరి లోతుగా పాతిపెట్టాలి లేదా కాల్చాలి. గట్టు మీద కుప్ప పోస్తే పురుగులు అందులోనే తరం పూర్తి చేసుకుంటాయి. తవ్విన వెంటనే ఒకసారి దున్ని, బయటపడినవాటిని రెండవసారి ఏరి, ఆ మడిలో మరుసటి సంవత్సరం మొక్కజొన్నో వరో వేసుకోవచ్చు.